నాలుగో యోసెఫ్

బెన్ పంపిన కవరు మంగళవారం వచ్చింది. ఆదివారం దాకా విప్పలేదు. భోజనాల బల్ల మీద అరటిపళ్ల పక్కన పడి ఉంది. పళ్లు నల్లబడితే తీసేసి కొత్తవి తెచ్చాం గాని కవరు జోలికి నేను పోలేదు. "నన్ను ఓపెన్ చేయమంటవా?" అని నా భార్య రెండుసార్లు అడిగి ఊరుకుంది. అందులో ఏముందో నాకు తెలుసు. పోస్టుకార్డు కన్నా కాస్త చిన్నదైన ఒక గీతల కార్డు. పైన నా పేరు ఇంగ్లీషులో, కింద నా గురించి నాలుగు ముక్కలు తెలుగులో. అది రాసినాయన పోయాడు.

బెన్ అంటే ఇక్కడ అమెరికాలో, నేపర్‌విల్ ఊరు దాటాక హైవే పక్కన ఉన్న మోటెల్ యజమానురాలు. గుజరాతీ ఆవిడ, వాళ్ల భాషలో బెన్ అంటే అక్క. నలభై గదుల ఆ మోటెల్‌ను ఇప్పుడు అమ్మేస్తోంది. ఆవిడే దూరాన ఇంకో రాష్ట్రంలో, అల్ఫారెట్టాలో ఉన్న నాకు ఫోన్ చేసి చెప్పింది. "భాయ్, మీవాడు పోయాడట. నరసాపురంలో బస్టాండు దగ్గర ఏదో లాడ్జిలో డెస్క్ చూసేవాడట. జేబులో నా నంబర్ ఉంటే వాళ్లు కాల్ చేశారు. ఇక్కడ అతని కార్డుల పెట్టె దొరికింది. మీ భాషలో ఉన్నాయి, నాకేం తెలుస్తుంది. ఒకదాని మీద నీ పేరుంది. పంపించనా?" పంపమన్నాను. వద్దనే ధైర్యం లేక పంపమన్నాను.

ఆయన పేరు ఇక్కడ రాయను. ఎందుకు రాయనో ఆ సంగతి వచ్చినప్పుడు మీకే తెలుస్తుంది.

ఆయన్ని మొదటిసారి చూసింది 2009 జనవరిలో. అప్పటికి నా ప్రాజెక్టు పోయి మూడు నెలలు. అపార్ట్‌మెంట్ లీజు అయిపోయింది. స్నేహితుల సోఫాల మీద మర్యాద కూడా అయిపోయింది. మా కన్సల్టెన్సీ వాళ్లు నన్ను జీతం లేకుండా బెంచ్ మీద పెట్టి, "ఇంటర్వ్యూలు వస్తాయి, ఫోన్ దగ్గర ఉండు" అన్నారు. వారానికి అద్దెకిచ్చే గది కోసం రెండు సూట్‌కేసులు, ఒక రైస్ కుక్కర్ పట్టుకుని ఆ మోటెల్‌లోకి వెళ్లాను.

లోపల కోక్ మెషిన్ గుంయిమంటోంది. ప్లాస్టిక్ మొక్క మీద దుమ్ము. వీటి మధ్య డెస్క్ వెనక నల్లకోటు వేసుకుని, మెడ దాకా గుండీలు పెట్టుకుని ఒక పెద్దాయన నిటారుగా నిలబడి ఉన్నాడు. బట్టతల, సన్నని మీసం. ఎవరి పెళ్లికో వచ్చి దారి తప్పాడనుకున్నాను. నా పాస్‌పోర్టు చూసి, గొంతు తగ్గించి, "తెలుగువారాండి?" అన్నాడు. గది నంబరు పైకి చెప్పలేదు. చిన్న చీటీ మీద రాసి, తాళంచెవి కింద పెట్టి, రెండు చేతులతో అందించాడు. తర్వాత డెస్క్ వెనక నుంచి బయటికొచ్చి నా సామాన్లలో ఒకటి అందుకున్నాడు. సూట్‌కేసు కాదు, రైస్ కుక్కర్. గదుల్లో వంట చేయనివ్వరని నేను దేన్ని దాచుకోవాలని చూస్తున్నానో దాన్నే అందుకుని, చాలా విలువైన వస్తువైనట్టు గుండెల దగ్గర పట్టుకుని, మంచులో నా ముందు నడిచాడు.

నిజం చెప్పాలంటే మొదట్లో ఆయన్ని చూస్తే నాకు ఒళ్లు మండేది. ఉద్యోగం పోయి కూర్చున్నవాణ్ణి పట్టుకుని, తండ్రి వయసు మనిషి, రోజూ "సార్, నిద్ర బాగా పట్టిందాండి?" అంటుంటే వెక్కిరిస్తున్నాడేమో అనిపించేది. "నన్ను సార్ అనకున్రి అంకుల్" అన్నాను ఒకరోజు. "ఆయ్, అలాగేనండి సార్" అన్నాడు. మార్పేమీ రాలేదు.

ఆయన నోట 'లేదు' అనే మాట వచ్చేది కాదు. ఐస్ మెషిన్ చెడిపోయి ఉండగా ఒక లారీ డ్రైవర్ ఐస్ కావాలన్నాడు. "చూస్తానండి" అని ఇంగ్లీషులో అని, కోటు గుండీలు సరిచూసుకుని, రోడ్డు దాటి గ్యాస్ స్టేషన్‌కి వెళ్లి సంచీ తెచ్చాడు. పరిగెత్తలేదు. పరిగెత్తడం ఆయన లెక్కలో మహాపాపం. "డెస్క్‌వాడు పరిగెడితే అతిథికి గుండె దడండి. ఏదో అయిపోయిందనుకుంటారు. ఏం అయిపోయినా మనం నడవాలి" అనేవాడు.

ఇదంతా ఆయన నేర్చుకున్నది వియన్నాలో. ఎప్పుడో కౌంటు అనే అక్కడి జమీందారు గారి భవంతిగా ఉండి తర్వాత హోటల్ అయిన ఒక పాత ఇల్లు అది. ముప్పై ఎనిమిదే గదులట. వీధిలోకి బోర్డు ఉండదు. తలుపు పక్కన అరచేయంత ఇత్తడి పలక, అంతే. లిఫ్టులో కూర్చోవడానికి మఖమల్ పరిచిన బల్ల. గది తాళంచెవికి నిమ్మకాయంత ఇత్తడి గుండు వేలాడదీసేవారట, అతిథి మరిచిపోయి జేబులో వేసుకుని పోకుండా. పనివాళ్ల మెట్లు గోడ వెనక. అక్కడ పందొమ్మిదేళ్లు పనిచేశాడు. కోక్ మెషిన్ పక్కన నిలబడి ఆయన ఆ మెట్ల మీది తివాచీ రంగు చెబుతుంటే, నేను కిటికీలోంచి పార్కింగ్‌లో మంచు కరగడానికి చల్లిన ఉప్పు కలిసిన బురద చూస్తూ వినేవాణ్ణి. నమ్మేవాణ్ణి కూడా కాదు, మొదట్లో.

నమ్మించింది కార్డుల పెట్టె. వచ్చిన ప్రతి మనిషికీ ఒక కార్డు. వియన్నాలో అది ఆ ఇంటి పద్ధతట. అక్కడ రాజవంశీకులకీ పాటగత్తెలకీ రాసినట్టే ఇక్కడ లారీ డ్రైవర్లకీ, గ్యాస్ పైపులు వేసేవాళ్లకీ రాసేవాడు. ఎవరైనా చూసినా అర్థం కాకుండా తెలుగులో రాసేవాడు. రెండుమూడు నాకు చూపించాడు. "రోడ్డు వైపు గది వద్దు. ఎడమ చెవి వినపడదు, కుడి వైపు నిలబడాలి." ఇంకోటి: "టవళ్లు నాలుగు. టీవీ రిమోట్‌లో బ్యాటరీలు కొత్తవి వేయాలి." ప్రతి కార్డులో చివరి వరుసకి ఒకటే శీర్షిక: ఎత్తకూడని మాట. దాని ఎదురుగా ఒక్క పదం. 'కూతురు' అనో, 'వీపు నొప్పి' అనో, 'క్రిస్మస్' అనో.

"కూతురికి ఏమైంది?" అని అడిగాను.

"అది రాయమండి. ఏం ఎత్తకూడదో రాస్తాం, ఎందుకో రాయం. కారణం రాస్తే అది చాడీ అయిపోద్ది" అన్నాడు. తర్వాత మీసంలోనే నవ్వి, "ఒక్క మీ కార్డు విషయంలోనేనండి నాకు ఇబ్బంది. మీరు చదివేస్తారు" అని పెట్టెని తన వైపు తిప్పుకున్నాడు.

ఆయన గురించి ఇంకొక్క సంగతి చెప్పాలి. మిగతా కథంతా దాని మీదే నడిచింది. వియన్నాలో ఆ డెస్క్ దగ్గర మొట్టమొదట నిలబడ్డవాడి పేరు యోసెఫ్. వాడు పోయాక కూడా ముసలి అతిథులు అలవాటు కొద్దీ కొత్తవాణ్ణి యోసెఫ్ అనే పిలిచారు. హోటల్‌వాళ్లు దిద్దలేదు. అతిథి మాట దిద్దడం ఆ ఇంట్లో లేదు. ఇక అప్పటి నుంచి డెస్క్ దగ్గర ఎవడు నిలబడితే వాడే యోసెఫ్. మూడో యోసెఫ్‌కి పక్షవాతం వచ్చిన మర్నాడు పొద్దున, సామాన్లు మోసే పోర్టరుగా ఉన్న మన నరసాపురం ఆయన్ని పిలిచి, మూడో యోసెఫ్ కోటు చేతికిచ్చి డెస్క్ దగ్గర నిలబెట్టారు. మోటెల్‌లో వేసుకున్నది కూడా ఆ కోటే. మోచేతుల దగ్గర రెండుసార్లు అస్తరు మార్చాడు.

"మరి కాగితాల మీద? ఆర్డర్ లాంటిది ఇయ్యలేదా?"

"కోటు ఇచ్చారు కదండి" అన్నాడు. ఆయనకి నా ప్రశ్నే వింతగా తోచింది.

కాగితాల్లో మాత్రం ఆయన చివరి దాకా సామాన్ల పోర్టరే. హోటల్ చేతులు మారి, కొత్తవాళ్లు ఆ డెస్కే తీసేశాక, అక్కడ ఒకసారి దిగి ఆయన్ని చూసిన బెన్ తమ్ముడు చెప్పగా ఆవిడ ఇక్కడికి పిలిపించుకుంది. గ్రీన్ కార్డుకి అప్లై చేసింది. ఆ ఉద్యోగానికి హోటల్ రిసెప్షన్‌లో అయిదేళ్ల అనుభవం ఉండాలని ఫైల్‌లో రాశారు. ఆయనకి దానికి మూడింతలకు పైగానే ఉంది. మార్చిలో గవర్నమెంట్ నుంచి కాగితం వచ్చింది. ఆ అనుభవానికి రుజువు చూపించండి, పన్నెండు వారాల్లో.

ఆ పన్నెండు వారాలు నేను ఆయన్ని చూస్తూనే ఉన్నాను. వియన్నాకి ఫోన్ చేస్తే హోటల్ రిపేర్లకి మూసి ఉందని రికార్డు చేసిన గొంతు పలికేది. ఈ-మెయిల్‌కి నాలుగు వారాలకి జవాబు వచ్చింది. ఆ పేరుతో రిసెప్షన్‌లో ఎవరూ పనిచేయలేదు, సామాన్ల పోర్టరు ఒకడు ఉండేవాడు, అని. పాతవాళ్లని అడిగితే, "యోసెఫ్‌లు చాలామంది కదా, నువ్వు ఏ యోసెఫ్‌వి?" అన్నారట. దుప్పట్లు, టవళ్లు ఉండే లినెన్ గది చూసే ఒక పెద్దావిడకి చేత్తో మూడు ఉత్తరాలు రాశాడు. జవాబు లేదు. బెన్ లాయర్, "ఇది లేకపోతే ఫైల్ పోతుంది, నీ వీసా సెప్టెంబరుతో సరి" అని తేల్చేశాడు.

వియన్నాలో ఆయనకున్న అనుమతి ఎప్పుడో చెల్లిపోయింది. భార్య అక్కడే పోయింది, పిల్లలు లేరు. నరసాపురంలో ఆయన్ని గుర్తుపట్టే మనిషి లేడు. "యాభై ఎనిమిదేళ్లవాణ్ణి ఏ డెస్క్ దగ్గర నిలబెడతారండి?" అన్నాడు ఒకసారి, కార్డులు సర్దుతూ. ఆయనకి కావలసింది అమెరికా కాదు, డెస్క్. నేను వెళ్లి కోక్ కొనుక్కున్నాను.

అప్పుడు నాకొచ్చిన ఆలోచన మనవాళ్లకి తప్ప ఇంకెవరికీ రాదు. మా లోకంలో అనుభవం లేనివాడికి అనుభవం కాగితం తయారు చేయడం ఆవకాయ పెట్టినంత మామూలు పని. నా మొదటి ఉద్యోగమే అలా వచ్చింది. చేయని మూడేళ్ల ఉద్యోగం రెజ్యూమేలో చేరింది, లెటర్ దానంతటదే వచ్చింది, నాకేమీ కాలేదు. లేని అనుభవానికే పుట్టే కాగితం ఉన్న అనుభవానికి పుట్టదా అనుకున్నాను. అందులో పాపం కూడా కనపడలేదు.

"ఊకె పరేషాన్ అయితున్నరు అంకుల్. లెటర్ నేను జేస్త. మీరు చేసిన పనే కదా రాసేది" అన్నాను.

"చూస్తానండి" అన్నాడు. ఈసారి దానర్థం వద్దని. రెండు వారాలాగి మళ్లీ అడిగాను. మళ్లీ చూస్తానన్నాడు.

గడువు ఇంకో నాలుగు రోజులుందనగా, పొద్దున పది గంటలకి నా తలుపు తట్టాడు. అప్పటికి నాకు అల్ఫారెట్టాలో ఉద్యోగం వచ్చేసింది, సూట్‌కేసులు సర్దుకుంటున్నాను. అతిథి గదిలో పనివాడు కూర్చోకూడదని నాకు పదిసార్లు చెప్పిన మనిషి, లోపలికొచ్చి, కిటికీ పక్క కుర్చీలో కూర్చున్నాడు. కోటు పై గుండీ విప్పి ఉంది. చేతులు మోకాళ్ల మీద పెట్టుకున్నాడు.

"బాబూ, ఆ కాగితం చేసి పెడతావా?" అన్నాడు.

సార్ పోయింది, మీరు పోయింది. నాకు ఆ పిలుపు బాగుంది. సిగ్గు లేకుండా చెబుతున్నాను, చాలా బాగుంది. ల్యాప్‌టాప్ తీసి గంటలో తయారుచేశాను. హోటల్ వెబ్‌సైట్ నుంచి వాళ్ల గుర్తు తీసి పైన పెట్టాను. ఉద్యోగం 'ఫ్రంట్ ఆఫీస్ మేనేజర్' అన్నాను. కింద పన్నెండు మంది పనిచేసేవారన్నాను. సంతకానికి ఒక జనరల్ మేనేజర్‌ని పుట్టించాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని మెల్లగా చదివాడు.

"ఇందులో యోసెఫ్ ఎక్కడా లేడేవండి?"

"మీ అసలు పేరుంది కదా అంకుల్."

"పన్నెండు మంది నా కింద ఎప్పుడూ లేరండి. నేనొక్కణ్ణే నిలబడేవాణ్ణి."

"గట్లనే రాస్తరు. ఎవడు లెక్కపెడుతడు?"

ఆయన కళ్లజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు. ఇంటిపేరుతో సహా ఆయన పేరు నేను తప్పు లేకుండా రాసింది ఆ ఒక్క కాగితం మీదే. అందుకే మళ్లీ ఎక్కడా రాయలేదు, ఇక్కడ కూడా రాయను.

లాయర్‌కి ఆ లెటర్ ఎలా పుట్టిందో చెప్పలేదు. అది గవర్నమెంట్‌కి వెళ్లిపోయింది. వెళ్లిన అయిదో రోజు వియన్నా నుంచి ఉత్తరం వచ్చింది.

లినెన్ గది పెద్దావిడ రాసింది. నోటరీ ముద్ర కూడా వేయించింది. ఆయన డెస్క్ దగ్గర నిలబడి, జర్మన్‌లో ఉన్నదాన్ని నాకు తెలుగులో చెప్పుకుంటూ చదివాడు. తుంటి ఎముక విరిగి ఆస్పత్రిలో ఉన్నానని, ఆలస్యానికి క్షమించమని మొదలుపెట్టింది. "ఇతను మా నాలుగో యోసెఫ్. తలుపు లోపల డెస్క్ దగ్గర ఒక్కడే నిలబడేవాడు. మూడో యోసెఫ్ కోటు ఇతనికి సరిపోయేలా కుట్టింది నేనే. మా ఆయన పోయిన ఏడు, అందరూ యోసెఫ్ అంటారు గాని నీ పేరేమిటని అడిగాను. చెప్పాడు. నా ప్రార్థన పుస్తకం వెనక అట్ట మీద రాసుకున్నాను. అది చూసి ఇప్పుడు రాస్తున్నాను." కింద ఆయన పేరు. అక్షరాలు విడివిడిగా, ఒక్కొక్కటీ జాగ్రత్తగా. పేరు దగ్గరికి వచ్చేసరికి ఆయన కాగితం నా వైపు తిప్పి వేలు పెట్టి చూపించాడు.

మేం అది పట్టుకుని లాయర్ దగ్గరికి పోయాం. నేనే డ్రైవ్ చేశాను. లాయర్ రెండు లెటర్లూ పక్కపక్కన పెట్టాడు. ఒకదాంట్లో మేనేజరు, కింద పన్నెండు మంది. ఇంకోదాంట్లో డెస్క్ దగ్గర ఒంటరి మనిషి. "వీటిలో ఏది నిజం?" అన్నాడు. మా ముఖాలు చూశాక అతనికి అర్థమైంది. "రెండోది పంపితే మొదటిది అబద్ధమని మనమే చెప్పినట్టు. మొదటిదాన్ని ఎవరు తయారుచేశారు?"

నేను చేశానని అప్పుడు చెప్పి ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు. నా వీసా పోయేదేమో. వారంలో చేరాల్సిన ఉద్యోగం పోయేదేమో. ఆ లెక్కంతా నా తలలో ఒక్క క్షణంలో జరిగిపోయింది. నోరు మాత్రం తెరుచుకోలేదు. ఇన్నేళ్లుగా దానికి నేను చెప్పుకున్న సాకులన్నీ ఆ క్షణం తర్వాత పుట్టినవే.

"నేనే రాసుకున్నానండి" అన్నాడు ఆయన ఇంగ్లీషులో. నా వైపు చూడలేదు. నిజమైన ఉత్తరాన్ని మడిచి కోటు లోపలి జేబులో పెట్టుకున్నాడు. లాయర్ ఇక ఈ ఫైల్ తాను చూడనన్నాడు.

నేను అల్ఫారెట్టాకి వచ్చేశాను. గవర్నమెంట్‌వాళ్లు వియన్నాలో వాకబు చేయనే చేశారు. మోసం చేశాడని రాసి ఫైల్ కొట్టేశారు, ఇక ఈ దేశంలోకి రావడానికి వీల్లేకుండా. అది బెన్ ఫోన్‌లో ఏడుస్తూ చెప్పింది. నరసాపురం వెళ్లిపోయేముందు ఆయన నాకు ఒకసారి ఫోన్ చేశాడు. "సార్, అక్కడ గది సౌకర్యంగా ఉందాండి? నీళ్లు పడ్డాయాండి?" అని అడిగాడు. తిడతాడని చూశాను. తిడితే బాగుండునని చూశాను. ఉత్తరం ఊసే ఎత్తలేదు. ఫోన్ పెట్టేశాక, మరిచిపోయాడేమో, క్షమించాడేమో అని నాకు నేనే చెప్పుకున్నాను. ఆయన వెళ్లే రోజు వీలుపడలేదని నేను పోలేదు. వీలుపడేది.

ఆదివారం మధ్యాహ్నం అన్నాలయ్యాక కవరు విప్పాను. ఆయన దస్తూరీ, కొంచెం ముందుకు వాలినట్టు.

"ఏడో గది. కాఫీ, చక్కెర లేకుండా. రైస్ కుక్కర్ ఉంది, బెన్‌కి చెప్పకూడదు. ఫోన్‌లో ఇంటర్వ్యూ ఉన్న పొద్దున ఆ వరుసలో వాక్యూమ్ వేయకూడదు."

ఆ చివరి సంగతి నాకు అయిదేళ్లుగా తెలియదు. ఆ మోటెల్ భలే నిశ్శబ్దంగా ఉంటుందని అనుకునేవాణ్ణి.

కింద, ఎత్తకూడని మాట అని ఉన్నచోట 'ఉద్యోగం' అని రాసి, కొట్టేసి ఉంది. దాని పక్కన వేరే సిరాతో 'ఉత్తరం' అని ఉంది. అక్కడితో ఆగాలి. ఆగలేదు. కారణం రాయకూడదన్న మనిషి దాని కింద ఇంకో వరుస రాశాడు. "పిల్లవాడు, తట్టుకోలేడు."

నేను కార్డు బల్ల మీద పెట్టేసి ముఖం కడుక్కోవడానికి లేచాను. వచ్చేసరికి నా భార్య దాన్ని వెలుతురు వైపు తిప్పి చదువుతోంది. మాకు పెళ్లయి నాలుగేళ్లు. ఆ మోటెల్ గురించి, నల్లకోటు గురించి, ఐస్ సంచీ గురించి నవ్వుకుంటూ ఎన్నోసార్లు చెప్పాను.

"ఏం ఉత్తరం ఇది?" అని అడిగింది.

కుర్చీ లాక్కుని ఆమె ఎదురుగా కూర్చున్నాను. "అది నేను రాసిన" అన్నాను.